రిటైర్మెంట్‌కు ముందే ఊరేగింపు

మా ఇంట్లో రిటైర్మెంట్ దావత్ జూలై ఇరవై ఎనిమిదిన, ఆదివారం జరిగింది. మా ఆయన రిటైర్ కావలసింది ఆగస్టు ముప్పై ఒకటిన. తేదీలు తారుమారు చేశానని అనుకోవద్దు. దావతే ముందు.

దానికి కారణం శ్రావణమాసం. ఆ ఏడు శ్రావణం ఆగస్టు ఐదున మొదలై సెప్టెంబరు మూడున ముగిసింది. మా చుట్టాల్లో సగం మంది ఆ నెలంతా నీసు ముట్టరు. అది పోగానే వినాయకుడు, ఆయన వెళ్ళగానే పెద్దలకు పెట్టే పక్షం. దసరా దాకా ఆగితే ఆ సంబరం చల్లారిపోతుంది. ఇస్నాపూర్‌లో ఒక మనిషి ముప్పై ఆరేళ్ళు చేసి ఫ్యాక్టరీ నుంచి దిగుతున్నాడంటే యాటను కోయకుండా ఎవరూ పంపరు. అందుకే క్యాలెండర్ ముందు కూర్చుని తేదీ నేనే పెట్టాను. ఇరవై ఒకటిన మా ఆడబిడ్డ ఊళ్ళో బోనాలు, ఆగస్టు నాలుగున అమావాస్య. ఆదివారాల్లో మధ్యలో ఇరవై ఎనిమిది ఒక్కటే మిగిలింది.

ఫ్యాక్టరీలో ఆయన షాపు వాళ్ళు ఓపెన్ జీపు తెచ్చారు. దండలు వేసి, శాలువాలు కప్పి, ముందు బ్యాండు పెట్టి గేటు నుంచి మా ఇంటిదాకా ఊరేగించారు. రంగు పొడి ఆయన కనుబొమల్లోకి కూడా పోయింది. మా ఆడబిడ్డ కొత్త బట్టలు పెట్టి, "ఇగ మా అన్నను తెల్లారుగట్ల లేపకు వదినె, నీకు దండం పెడ్త" అన్నది. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

మర్నాడు సోమవారం ఆయన మామూలుగానే టిఫిన్ డబ్బా పట్టుకుని ఫస్ట్ షిఫ్టుకు బయలుదేరాడు. మా వెనక గదిలో కిరాయికి ఉండే ఒడిశా అబ్బాయి పళ్ళు తోముకుంటూ అది చూసి బ్రష్ నోట్లోనే పెట్టుకుని నిలబడిపోయాడు.

"ఆంటీ, అంకుల్ రిటైర్ హోగయే నా? ఫిర్ డ్యూటీ?"

"రిటైర్మెంట్ అగస్ట్ మే," అన్నాను. "దావత్ జులై మే."

"అచ్ఛా, అడ్వాన్స్ మే," అని తల ఊపాడు. అడ్వాన్స్ ఇచ్చి గదిలో దిగినవాడు కాబట్టి వాడికి అది సబబుగానే తోచినట్టుంది.

కాగితం మీద ఆయనకు ఆ ఆగస్టుకు అరవై. నిజానికి అరవై రెండు. బడిలో వేసినప్పుడు పంతులు రెండేళ్ళు తక్కువ రాశాడు. మా వైపు ఆ తరం మగవాళ్ళకు చాలామందికి అంతే. నాకు అరవై ఒకటి, నాది ఎవరూ తగ్గించలేదు. పెన్షన్ ఆయనకు కాగితం మీది యాభై ఎనిమిదికే మొదలైంది. మొదటి నెల ఫోన్‌కు వచ్చిన మెసేజ్ చూసి, "గిది నెలదా, వారందా?" అని అడిగాడు. నెలదే. మూడు వేలకు కూడా కొంచెం తక్కువ. ఆ రోజు నేను కూడా చాలాసేపు ఆ అంకె వైపే చూశాను. అయినా మూడు గదుల కిరాయి ఉంది, పీఎఫ్ ఉంది, తినేది ఇద్దరం. కూడి, తీసివేసి, మళ్ళీ కూడి చూసుకున్నాను. ఇల్లు నడుస్తుంది. నాకు తక్కువైంది డబ్బు కాదు, రోజులు.

రోజులు ఎందుకు తక్కువో చెబుతాను. ఆయన పని ఫోర్జింగ్ షాపులో. ఎర్రగా కాలిన ఇనుప ముద్దను పెద్ద పటకారుతో పట్టుకుని ఇంటి ఎత్తున్న హ్యామర్ కింద పెట్టి తిప్పుతూ ఉండాలి. వారానికొక షిఫ్టు. ఆయన పడుకున్నప్పుడు నేను లేచేదాన్ని, నేను వడ్డించినప్పుడు ఆయన గేటు దగ్గర ఉండేవాడు. ముప్పై ఆరేళ్ళ సంసారంలో మధ్యాహ్నం భోజనం పక్కపక్కన కూర్చుని చేసింది సెలవు రోజుల్లోనే. ఇక నా మోకాళ్ళకు డాక్టరు రెండు మూడేళ్ళు గడువు ఇచ్చాడు. ఆ తర్వాత ఆపరేషన్, ఆపైన ఎంత నడుస్తానో చెప్పలేనన్నాడు.

అందుకని నేను ఒక ఏర్పాటు చేసుకున్నాను. ఆయన దిగిపోయిన మొదటి వారం నుంచీ ప్రతి బుధవారం ఇద్దరం ఒక బస్సెక్కాలి. బుధవారం ఎందుకంటే రద్దీ తక్కువ. బాసర, రామప్ప, సాగర్ డ్యామ్, భద్రాచలం. దగ్గరివి ఒక్క రోజులో, దూరానివి ఒక రాత్రి ఉండి. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక ఈ ఏర్పాటు ఇంకా సులువైంది. నాకు జీరో టికెట్, కొనేది ఆయనకొక్కడికే. ఏ డిపో నుంచి ఎన్నింటికి ఏ బస్సు ఉందో కూడా కనుక్కుని పెట్టుకున్నాను.

ఇదంతా ఆయనకు చెప్పకుండా చేసింది కాదు. ఏళ్ళ తరబడి చెబుతూనే వచ్చాను. మేమిద్దరం కలిసి ఉండే సమయం ఒక్కటే, ఆదివారం పొద్దున బండి మీద సంగారెడ్డి రైతు బజారుకు పోయి రావడం. హైవే మీద లారీలు, బస్సులు, దుమ్ము. ఆయన ముందు, నేను వెనక. పోయేటప్పుడు ఇంటి సంగతులు, వచ్చేటప్పుడు మా రాబోయే రోజుల సంగతులు. ఇది నాకు నేనే పెట్టుకున్న పద్ధతి. ఆయన హెల్మెట్ ఊపుతూ వినేవాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదని నాకు పెళ్ళయిన కొత్తలోనే తెలుసు.

ఆగస్టు పద్నాలుగు, బుధవారం సాయంత్రం ఆయన జోడీదారు మా ఇంటికి వచ్చాడు. హ్యామర్ నడిపేది అతను, దాని కింద ఇనుము తిప్పేది ఈయన. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరూ ఒకే మిషన్ మీద.

"వదినా, నోరు తీపి చెయ్యాలె," అంటూ చెప్పులు విడిచాడు.

"ఏందయ్యా విశేషం?"

"అరె, అన్న చెప్పలేదా? యూనియనోల్లు సాధించిన్రు. ఇష్టమున్నోల్లు అరవై రెండు దాక చెయ్యొచ్చు. లిస్టుల ఫస్ట్ సంతకం మన అన్నదే!"

నేను టీ కలుపుతున్నాను. చక్కెర వేశానో లేదో తెలియక మళ్ళీ వేశాను.

"ఎప్పుడు పెట్టిండు?"

"సోమారం."

సోమవారం పెట్టాడు. సోమవారం, మంగళవారం, బుధవారం నా చేతి అన్నం తిన్నాడు. నీళ్ళు అడిగాడు, కరెంటు బిల్లు అడిగాడు. ఈ మాట మాత్రం చెప్పలేదు. టీలో చెంచా తిప్పుతూనే ఉన్నాను.

జోడీదారు అదేమీ గమనించలేదు. "ఫిట్నెస్ ఒక్కటి ఉంటది వదినా. బీపీ, షుగర్, చెవులు. చెవులదే జెర పరేషాన్, గని దానికి ఉపాయమున్నది." ఈయన మోకాలు మీద తట్టాడు. ఈయన తిరిగి చూశాక తన మోచేయి పైకెత్తి చూపించాడు. "అద్దాల గదిల కూసోబెడ్తరు. టెస్టు చేసే పిల్ల బయట ఉంటది. అన్నా, పిల్ల మోచెయ్యి సూడు. మోచెయ్యి కదిలిందంటే సౌండ్ ఇడిసినట్టు. టక్కున బటన్ నొక్కు. ఏటేటా మనమందరం గట్లనే పాసైతున్నం గద."

ఇద్దరూ నవ్వారు. ఈయన ఒక క్షణం ఆలస్యంగా నవ్వాడు.

హ్యామర్ దగ్గర పనిచేసేవాళ్ళకు చెవులు కొంచెం మందమని ఇస్నాపూర్‌లో అందరికీ తెలుసు. వాళ్ళ ఇళ్ళలో టీవీలు వీధి చివరికి వినిపిస్తాయి. మా ఇంట్లోనూ అంతే, నేనూ గట్టిగానే మాట్లాడతాను. అంతకుమించి నేనేమీ అనుకోలేదు.

జోడీదారు వెళ్ళాక గ్లాసులు కడుగుతూ, "ఎందుకు పెట్టినవ్ సంతకం?" అని అడిగాను. జవాబు లేదు. మళ్ళీ అడిగాను. లేదు. కోపంతో వచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

"ఎందుకు పెట్టినవ్ సంతకం?"

"మంచిదే గద. రెండేండ్లు జీతం వస్తది."

"మరి బస్సులు?"

"ఏం బస్సులు?"

"బుధారం బుధారం పోదామన్న గద!"

"ఎవరు?"

"ఎవరేంది? నువ్వు, నేను!"

"నాకెప్పుడు జెప్పినవ్?"

"ఎన్నిసార్లు జెప్పాలె? ప్రతి ఆదివారం జెప్పిన. సంగారెడ్డి నుంచి వచ్చేటప్పుడు, బండి మీద. తల గూడ ఊపినవ్!"

ఆయన నా మొహం వైపు చాలాసేపు చూశాడు. ఆ చూపులో దొంగతనం లేదు. నిజంగానే ఆశ్చర్యం.

"బండి మీద నువ్వు మాట్లాడుతవా?" అన్నాడు.

నేను అక్కడే, గడప మీద కూర్చుండిపోయాను. ఆయన గబగబా వచ్చి ఏమైందని భుజం పట్టుకున్నాడు. ఏమైందో నాకు మాత్రం తెలిస్తే కదా.

"మరి తల ఎందుకూపినవ్?"

"రోడ్డు గట్లున్నది. గుంతలు."

నవ్వాలో ఏడవాలో తెలియని మాట అది. నేను రెండూ చేయలేదు. "ఎప్పటి సంది?" అని అడిగాను.

"ఎడమది పోయి మస్తు రోజులాయె. కుడిది బిడ్డ పెండ్లి అప్పటికే సగం."

బిడ్డ పెళ్ళయి పదమూడేళ్ళు. "మరి ఇంట్ల అన్ని మాట్లాడుతనే ఉన్నవ్ గద?"

"నీ మొఖం జూస్త. సగం మాట పెదవులల్లనే దొరుకుతది. మిగిలింది ఎరుకనే. పాలోడు రాలేదంటవు, కిరాయి ఇయ్యలేదంటవు, ఉప్పు సరిపోయిందా అంటవు. గిదే గద."

నా మాట అంత సులువుగా ఊహించుకోవచ్చని ఎవరైనా అంటారని నేను ఏనాడూ అనుకోలేదు. అంతకు మించి, ఆయన ఊహించుకోలేనివి గుర్తుకొచ్చాయి. బండి మీద నేను చెప్పినవి బస్సుల సంగతులేనా? మా అమ్మ పోయే ముందు నాతో అన్న మాట చెప్పాను. గర్భసంచి తీసేయాలన్నప్పుడు నాకు ఎంత భయంగా ఉందో, పోతే ఏం చేయాలో, బిడ్డకు ఏది ఇవ్వాలో, రుద్రారం దాటినప్పటి నుంచి ఇల్లు చేరేదాకా చెప్పాను. ఇంట్లో ఎదురుగా కూర్చుని చెప్పలేని మాటలవి. వీపు వెనక ఉన్నాను కాబట్టి నోట్లోంచి వచ్చాయి. ఆయన తల ఊపాడు. ఆ ఊపులో నాకు ధైర్యం దొరికింది. ఆ ధైర్యంతోనే ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాను. ఇప్పుడు తెలిసింది, అక్కడ గుంత ఉందని.

"నాకెందుకు చెప్పలే?" అన్నాను.

ఆయన రెండు చేతులూ పైకెత్తి, ఒక అరచేతిని గాలిలో కొద్దిగా వంచాడు, రెండు వేళ్ళు విదిలించాడు. "గిట్లంటే జెర ఆగు అని. గిట్లంటే గట్టిగ గుద్దు. గిట్లంటే సూపర్‌వైజర్ వస్తున్నడు. గిట్లంటే..." అని ఆగి కొంచెం సిగ్గుపడ్డాడు. "అది నీకు చెప్పేది గాదు. మా షాపుల ఎవ్వనికీ వినొచ్చేది లేదు. హ్యామర్ నడుస్తుంటే దేవుడు పిలిచినా వినొస్తదా? అందరం చేతులతోనే మాట్లాడుకుంటం, నగుతం, లొల్లి గూడ పెట్టుకుంటం. అక్కడ నేను చెవిటోన్ని గాను. ఇంట్ల నేనొక్కన్నే చెవిటోన్ని."

జీతం కోసమనుకున్నాను. ఇంట్లో తోచదని భయమనుకున్నాను. నాతో గడపబోయే రోజులే ఆయనకు ఇంత భయమని మాత్రం ఏ లెక్కలోనూ రాలేదు.

చెవుల పరీక్ష ఆగస్టు ఇరవై రెండున, గురువారం. పటాన్‌చెరులో బస్టాండు దగ్గర ఒక సెంటర్‌కు పంపారు. నేనూ వస్తానన్నాను. ఆయన వద్దనలేదు. బండి మీద ఆ రోజు నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన తల మాత్రం గుంత గుంతకూ ఊగుతూనే ఉంది. ఇన్నాళ్ళూ దాన్నే నేను సరేనన్న మాట అనుకున్నాను.

సెంటర్‌లో ఒక మూలకు అద్దం బిగించిన చిన్న గది. ఆయన్ను లోపల కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి బటన్ ఇచ్చారు. పరీక్ష చేసే అమ్మాయి బయట మిషన్ ముందు కూర్చుంది. ఆమె వెనక బల్ల మీద నేను. ఆ అమ్మాయి కుడి మోచేయి కదిలినప్పుడల్లా ఆయన బటన్ నొక్కాడు. ఒక్కటి కూడా తప్పలేదు. ఎర్రటి ఇనుము తిప్పే మనిషి చూపు, తప్పుతుందా? ఆ అమ్మాయి చుక్కలు పెట్టుకుంటూ పోయింది. పాసైపోతున్నాడు. కాగితం మీది అరవై రెండు దాకా, అంటే నిజానికి అరవై నాలుగు దాకా, మిగిలిన ఆ కాస్త చెవిని కూడా హ్యామర్ కింద పెట్టబోతున్నాడు. అప్పటికి నా మోకాళ్ళ గడువు తీరుతుంది.

లేచాను. రెండడుగులు వేసి, ఆ అమ్మాయి చేతికీ అద్దానికీ మధ్య నిలబడ్డాను.

"అమ్మా, కూర్చోండి, టెస్టు నడుస్తుంది."

"మోకాళ్ళు పట్టేసినయి బిడ్డా. జెర నిలబడ్త."

అద్దంలోంచి ఆయన నన్ను చూశాడు. నేను నోరు విప్పలేదు. పదమూడేళ్ళుగా నా మొహం చదివిన మనిషి దగ్గర నోరు విప్పాల్సిన పని లేదు. కొంచెం పక్కకు వంగాడు. నేనూ వంగాను. ఆయన మళ్ళీ వంగలేదు. నా వైపే చూస్తూ కూర్చున్నాడు. వెనక మిషన్ మీద సౌండ్ పెంచే మీటలు పైకి, ఇంకా పైకి పోతున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. ఆయన బొటనవేలు కదలలేదు. కాసేపటికి బటన్ ఒళ్ళో పెట్టేసుకున్నాడు.

ఆ అమ్మాయి కంగారుపడి మొత్తం మొదటి నుంచి మళ్ళీ చేసింది. నేను అక్కడే నిలబడ్డాను. అయ్యాక నన్ను పక్కకు పిలిచింది. ఎడమ చెవిలో ఏమీ మిగల్లేదట. కుడి చెవికి, పక్కనే నిలబడి అరిస్తే కొంత. చెవికి మిషన్ పెడితే ఆ కొంత కొద్దిగా తేటపడవచ్చునట. హ్యామర్ షాపుకు అన్‌ఫిట్ అని రాయక తప్పదంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఇంత నష్టం ఒక్క రోజులో కాదమ్మా. ఇంట్లో ఎవరికీ తెలియలేదా?"

బిడ్డ పుట్టిన ఘడియ, పునాది తీసిన రోజు, గదుల్లో ఎవరెవరు ఏ తేదీన దిగారో అన్నీ నోటికి చెప్పగలను. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో మాత్రం తెలియలేదు.

బయట మెట్ల మీద ఆయన నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీకిప్పుడు సల్లగైందా?"

"అయింది."

"అక్కడ నాకు మనుషులుండె. నా పని తీసేసినవ్ నువ్వు."

నిజమే, తీసేశాను. కాదని ఎలా అంటాను? ముందు హైవే మీద కంటైనర్లు, ఆర్టీసీ బస్సులు, ఆటోల హారన్లు. నా మాట నాకే వినపడనంత రొద. నేను ఆయన చొక్కా చెయ్యి పట్టి నా మొహానికి ఎదురుగా తిప్పుకున్నాను. మొదటి నుంచి చెప్పాను. బుధవారం ఎందుకో, ముందు బాసర ఎందుకో, ఎన్నింటికి బస్సో, రాత్రి ఎక్కడ పడుకోవాలో. ఒక్కొక్క మాట నిలిపి, తొందరపడకుండా. ఆ రొద ఆయనకేం అడ్డం కాలేదు. కనుబొమలు ముడిచి, నా పెదవుల మీదినుంచి చూపు తిప్పకుండా అంతా విన్నాడు. విన్నాడనే రాస్తాను.

అంతా అయ్యాక రోడ్డు మీది బస్సుల వైపు చూశాడు.

"బస్సులు నాకు పడయి," అన్నాడు.

"ఏంది?"

"బస్సెక్కితే వాంతులైతయి. చిన్నప్పటి సంది. గందుకే గద బండి కొన్నది."

అత్తగారి ఊరికి తొంభై కిలోమీటర్లు, వానలో కూడా, నన్ను బండి మీదే తీసుకుపోయిన మనిషి. అది సరదా అనుకున్నాను. నా చేతులు ఆయన చొక్కాను వదిలేశాయి. అన్నేళ్ళ ఏర్పాటు, డిపోలు, వేళలు, అన్నీ ఆ మెట్ల మీద ఒక్క మాటతో పోయాయి. అయినా నాకు కోపం రాలేదు. ఆ ఏర్పాటును ఒక మనిషి విని, ఎదురుగా నిలబడి కాదనడం అదే మొదలు.

"మరి ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న చెప్పాల్నా లేదా?"

"నువ్వు ఎన్నడు అడిగినవ్?"

పక్కన ఛాయ్ బండివాడు మా ఇద్దరినీ చూస్తున్నాడు. గొడవ పడుతున్నామనుకున్నాడు. పడుతూనే ఉన్నాం.

"రైలైతే వస్త," అన్నాడు ఆయన, బండి తాళం తీస్తూ. "లింగంపల్లి దాక బండి మీద పోయి, ఆడ ఎక్కుదాం. కిటికీ పక్కకు నేను కూసుంట."

"రైలుకు నాకు గూడ టికెట్ కొనాలె," అన్నాను.

అది ఆయన సరిగ్గా చూడలేదు. తాళం మీద ఉన్నాడు. భుజం తట్టి, తిప్పి, మళ్ళీ చెప్పాను.

"కొను," అన్నాడు.